మూసీకి కళ్ళెం వేసిన మోక్షగుండం
గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు ప్రాణం పోసిన ఇంజనీరు జీవితం

మొయినాబాద్: ఒకవైపు గండిపేట చెరువు, మరోవైపు హిమాయత్‌సాగర్. ఈ రెండింటి నడుమ మొయినాబాద్ గ్రామాలున్నాయి. వాటికి ఎగువన చేవెళ్ళ గ్రామాలున్నాయి. ఇక్కడి పొలాల మీద పడిన వాన కుంటలు నింపి, వాగుల్లో కలిసి, చివరికి చేరేది ఈ రెండు జలాశయాలకే. ఒకదానికి నిజాం ప్రభువు పేరు, రెండవదానికి ఆయన కుమారుని పేరు పెట్టారు. కాని ఈ రెండింటినీ కాగితం మీద గీసి, ఇవి లేకపోతే హైదరాబాదు నగరం నిలవదని పాలకులకు నచ్చజెప్పిన మనిషి పేరు మాత్రం ఏ చెరువుకూ లేదు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే.

నేల స్వభావం, నీటి నడక తెలిసిన నిపుణుడు తనకు తెలిసినదాన్ని పాలకుల చెవిన ఎలా వేయాలి అన్నది ఈనాటికీ తెగని సమస్యే. విశ్వేశ్వరయ్య జీవితమంతా ఆ పనిలోనే గడిచింది. ఆయన జీవితంలో ఒక ముఖ్య ఘట్టం మన వాగుల మీద, మన చెరువు కట్టల మీద నడిచింది. కనుక ఆ కథ ఈ ప్రాంత ప్రజలు తెలుసుకోదగినది.

తెలుగు ఇంటివాడే

విశ్వేశ్వరయ్య 1860లో నాటి మైసూరు రాజ్యంలో, చిక్‌బళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్ళినవారు. ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. ఆయన మాతృభాష తెలుగు.

చిన్నతనంలోనే తండ్రి గతించారు. ఇంట్లో ఆస్తి అంతంతమాత్రం. బెంగుళూరులో చదువుకునే రోజుల్లో కలిగినవారి పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేసి, మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివారు. 1883లో పరీక్షలో ప్రథముడిగా నెగ్గారు. 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా కొలువులో చేరారు.

ఇసుకే జల్లెడ

సింధులోని సక్కర్ పట్టణం సింధు నది ఒడ్డునే ఉన్నది. కాని ఆ నది నీరు ఎర్రటి బురద. నీటిని వడపోసే తొట్లు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర డబ్బు లేదు. 1890 దశకంలో ఆ పని విశ్వేశ్వరయ్యకు అప్పగించారు. ఆయన నది గర్భంలోనే, ఒడ్డుకు దగ్గరగా బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరి బావిలో చేరేసరికి నీరు తేటపడింది. ఆ తేట నీటినే పట్టణానికి ఎక్కించారు. నేల తనంతట తాను చేసే పనికి వేరే ఖర్చు దండగ అన్నది ఆయన పద్ధతి. వాగు ఇసుకలో చెలిమె తోడుకుని నీళ్ళు తాగిన మన పెద్దలకు ఇది కొత్త విషయం కాదు. ఆ తెలివినే ఒక పట్టణానికి సరిపడేలా పెంచి చూపించడం ఆయన గొప్పతనం.

1906లో అరేబియా తీరంలోని ఏడెన్ రేవుకు మంచినీటి పథకం వేయడానికి వెళ్ళినప్పుడూ ఇదే బుద్ధి పనికివచ్చింది. ఏడెన్‌లో వాన అరుదు. ఆయన లోపలి ప్రాంతాలకు పోయి నేల చూసి, లాహెజ్ వైపు ఇసుక వాగు కింద నీరు దాగి ఉన్నదని తేల్చి, అక్కడ బావులు తవ్వి నీరు తేవాలని సలహా ఇచ్చారు.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయం అలుగు మీద 1903 ప్రాంతంలో ఆయన అమర్చిన గేట్లు దేశమంతా పేరు తెచ్చాయి. వరద ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే గేట్లవి. కట్ట ఎత్తు పెంచకుండానే మరో 8 అడుగుల నీరు నిలపడానికి వీలైంది. వాటిపై పేటెంటు పొందినా, ప్రభుత్వ కొలువులో ఉండగా చేసిన పనికి రాయల్టీ తీసుకోవడం తగదని ఆయన దాన్ని పుచ్చుకోలేదు.

నీరా కాలువ కింద ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి మరొక ఘనత. ఆయకట్టును భాగాలుగా చేసి, ఒకచోట చెరకు, ఒకచోట వరి, ఒకచోట మెట్ట పైర్లు వంతులవారీగా వేయించి, ఉన్న నీటిని ఎక్కువమందికి పంచడం దీని ఉద్దేశం. మొదట రైతులు ఒప్పుకోలేదు. పత్రికలు కూడా విమర్శించాయి. ఆయన రైతులనే పిలిచి కూర్చోబెట్టి, లెక్కలు విప్పి చెప్పారు. అధికారం చేతిలో ఉన్నా ఒప్పించడమే ఆయన మార్గంగా ఉండేది.

తనకంటె సీనియర్లయిన పలువురిని దాటి పైకి వచ్చినా, బొంబాయి రాష్ట్రంలో ఒక భారతీయునికి చీఫ్ ఇంజనీరు పదవి దక్కదని గ్రహించి, 1908లో ముందుగానే కొలువు వదులుకున్నారు. తర్వాత విదేశాల్లో పనులు చూడడానికి బయలుదేరారు. ఇటలీలో ఉండగా హైదరాబాదు నుండి తంతి అందింది.

1908 జలప్రళయం

ఆ సంవత్సరం సెప్టెంబరు చివరి వారంలో బంగాళాఖాతం నుండి వచ్చిన వాయుగుండం ఈ ప్రాంతం మీద విరుచుకుపడింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదయింది. సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేలమంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. 19 వేల ఇళ్ళు కూలిపోయాయి. 80 వేలమందికి నిలువ నీడ లేకుండా పోయింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టును జనం ఇప్పటికీ చూపిస్తారు.

నాటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్. ప్రభువు తన కోటల తలుపులు బాధితులకు తెరిపించారు. గంజి కేంద్రాలు పెట్టించారు. అయితే గంజితో ఆకలి తీరుతుంది కాని వరద ఆగదు. మళ్ళీ ఇలాంటిది రాకుండా ఏం చేయాలో చెప్పేవారి కోసం వెదికారు. విదేశీ ప్రయాణం ముగించుకుని విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరారు.

మన చెరువుల లెక్క

నగరంలో నష్టం చూసి నగరంలోనే గోడలు కట్టమనేవారే ఎక్కువ. విశ్వేశ్వరయ్య మాత్రం చూపు ఎగువకు తిప్పారు. వరద నగరంలో పుట్టలేదు, అనంతగిరి కొండల నుండి ఇక్కడివరకు ఉన్న పల్లెల మీద పడిన వాన అది. కనుక ఆయన ఈ ప్రాంతమంతా సర్వే చేయించారు. వానకొలతలు సేకరించారు. గోడల మీద వరద వదలిన గుర్తులు కొలిపించి, ఏ ఊళ్ళో నీరు ఎంత ఎత్తు పారిందో లెక్కకట్టారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో కురిసిన పెద్ద వానల లెక్కలు కూడా తెప్పించి పోల్చి చూశారు.

ఆయన తేల్చిన లెక్క ఇది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు, కుంటలు. అంటే దాదాపు మైలుకొక చెరువు. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది తెగి దాని కిందిదాని మీద పడింది. గొలుసుకట్టుగా ఉన్న చెరువులు గొలుసుకట్టుగానే తెగాయి. వాన నీటికి చెరువుల నీరు తోడై, నగరం దగ్గర సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల వరద పారింది.

చెరువులు ఉండడం తప్పని ఆయన అనలేదు. చిన్న చెరువులు సామాన్య వానను ఆపుతాయి. కాని నూరేళ్ళకొకసారి వచ్చే వానను ఆపాలంటే వాటి కింద బలమైన రాతి పునాది మీద నిలిచే పెద్ద జలాశయాలు కావాలి. వరద ఉధృతంగా వచ్చినప్పుడు నీటిని పట్టి ఉంచి, నదికి ఓర్చుకునే శక్తి ఉన్నంతవరకే మెల్లమెల్లగా వదలాలి. ఇందుకు మూసీ మీద నగరానికి ఎనిమిదిన్నర మైళ్ళ ఎగువన ఒకటి, ఈసీ మీద ఆరున్నర మైళ్ళ ఎగువన ఒకటి కట్టాలని సూచించారు. నగరంలో నది ఒడ్డులను ఎత్తు చేసి, వెంట తోటలు, రోడ్లు వేయాలనీ, మురుగునీటికి వేరే కాలువలు కావాలనీ తెలిపారు. 1909 అక్టోబరు 1న నివేదిక సమర్పించారు.

ఒప్పించిన తీరు

ఆనాడు ఓటువేసి గెలిపించిన శాసనసభ్యులు లేరు. ఖజానా తాళం ప్రభువు చేతిలో, ఆయన మంత్రుల చేతిలో ఉండేది. ఊరికి దూరంగా, ఎవరికీ కనబడని చోట రెండు పెద్ద కట్టలు వేయడానికి లక్షల రూపాయలు ఖర్చు పెట్టమంటే ఏ ఖజానాదారుకైనా గుండె గుభేలుమంటుంది. వరద మరుసటి ఏడే వస్తుందా, వందేళ్ళకు వస్తుందా ఎవరూ చెప్పలేరు.

విశ్వేశ్వరయ్య భయపెట్టలేదు. పొగడలేదు. వాన ఎంత, నీరు ఎంత, కట్ట ఎంత, ఖర్చు ఎంత అన్నది పట్టికలు వేసి ముందు పెట్టారు. అంతేకాదు, వరద ఆపే జలాశయమే నగరానికి తాగునీరు కూడా ఇవ్వగలదని చూపించారు. వరద ఎప్పుడో వస్తుంది, దాహం రోజూ వేస్తుంది. ఈ రెండింటినీ ఒక్క కట్టకు ముడివేయడంతో పాలకులకు పథకం నచ్చింది.

1911లో మహబూబ్ అలీఖాన్ మరణించగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కారు. కొత్త ప్రభువు పాత నివేదికను మూలన పడవేయలేదు. 1913లో గండిపేట వద్ద పునాది పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. 1921లో ఈసీ మీద పని ప్రారంభమై, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయింది. ఉస్మాన్‌సాగర్ నిలువ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది దాదాపు 3 టీఎంసీలు. గండిపేట నీరు పంపులతో పని లేకుండా, పల్లం బట్టి తనంతట తానే నగరానికి చేరేలా కాలువ కట్టారు. మంజీర నీరు రాకముందు హైదరాబాదు గొంతు తడిపింది ఈ రెండు చెరువులే.

ఈ మేలుకు మూల్యం చెల్లించింది పల్లెలు. మూసీ, ఈసీ ఒడ్డున ఉన్న మంచి భూములు నీట మునిగాయి. నగరం బతకడానికి ఈ ప్రాంత రైతు తన చెలక, తన మడి ఇచ్చాడు. కట్టలు వేసిన ప్రభువుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. భూమి ఇచ్చిన రైతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మైసూరులో

హైదరాబాదు నివేదిక ముగియగానే, 1909 నవంబరులో మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. అక్కడ కావేరిపై కన్నంబాడి దగ్గర పెద్ద ఆనకట్ట ప్రతిపాదించారు. ఖర్చు భారీగా అవుతుందని ఆర్థిక శాఖ అడ్డు చెప్పింది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం నీటి వాటా గురించి అభ్యంతరం లేవదీసింది. ఆయన పట్టు విడవలేదు. మహారాజా కృష్ణరాజ ఒడయార్‌ను ఒప్పించి 1911లో పని ప్రారంభింపజేశారు. మొదట తక్కువ ఎత్తుకే అనుమతి వచ్చినా, రేపు పూర్తి ఎత్తుకు అనుమతి వస్తుందన్న నమ్మకంతో పునాదిని మాత్రం పూర్తి వెడల్పుతోనే వేయించారు. అదే కృష్ణరాజసాగర్. సిమెంటు అరుదైన ఆ రోజుల్లో సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీ గచ్చుతో కట్టిన ఆ కట్ట నేటికీ నిలిచి ఉంది.

1912లో మైసూరు దివాను అయ్యారు. నిన్నటిదాకా మంత్రుల గుమ్మాల ముందు పథకాలు పట్టుకుని నిలబడిన ఇంజనీరే ఇప్పుడు పాలకుడయ్యాడు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిశాయి. గంధం నూనె, సబ్బు పరిశ్రమలు వచ్చాయి. కొండల్లోని ఇనుప రాయిని కరిగించడానికి భద్రావతి ఉక్కు కర్మాగారానికి బీజం వేశారు. 1923 నుండి దాని బోర్డు అధ్యక్షులుగా ఉండి నష్టాల నుండి గట్టెక్కించారు.

ఆయన అన్ని నిర్ణయాలూ అందరికీ నచ్చినవి కావు. ప్రభుత్వ కొలువుల్లో వెనుకబడిన కులాలకు వాటా కల్పించడానికి మహారాజా 1918లో మిల్లర్ కమిటీని వేసినప్పుడు, అర్హతే కొలమానంగా ఉండాలని ఆయన విభేదించారు. ఆ సంవత్సరమే దివానుగిరీ వదిలారు. చదువు అందని వర్గాలకు మెట్టు వేయకపోతే వారు పైకి ఎక్కేదెలాగన్న ప్రశ్నకు ఆయన దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఇంతటి మేధావికి ఇది ఒక లోటుగానే మిగిలింది.

క్రమశిక్షణకు మారుపేరు

తలపాగా, కోటు, మడత నలగని దుస్తులు ఆయన గుర్తు. సమయపాలనలో గడియారం వంటివారు. కొలువు పనికి ప్రభుత్వ కొవ్వొత్తి, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకునేవారని జనం చెప్పుకుంటారు. దివాను పదవి వదిలాక కూడా విశ్రాంతి తీసుకోలేదు. హైదరాబాదు మురుగునీటి పనుల సలహాకు మళ్ళీ వచ్చారు. 1934లో దేశానికి ప్రణాళికతో కూడిన ఆర్థిక విధానం కావాలని ఇంగ్లీషులో గ్రంథం వెలువరించారు. తొంభై ఏళ్ళు దాటాక బీహారులో గంగానదిపై మొకామా వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించడానికి స్వయంగా వెళ్ళి స్థలాలు పరిశీలించారు. 1955లో ప్రభుత్వం భారతరత్న బిరుదుతో సత్కరించింది. నూరేళ్ళు నిండిన తర్వాత, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. స్వగ్రామం ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి ఉంది.

నేటి ప్రశ్న

విశ్వేశ్వరయ్య పోయిన తర్వాత కూడా ఆయన చెరువుల చుట్టూ వాదం ఆగలేదు. ఆనాడు మంత్రుల ముందు జరిగిన చర్చ ఇప్పుడు శాసనసభలో, సచివాలయంలో, న్యాయస్థానాల్లో జరుగుతోంది. ఈ గడ్డ చట్టసభలకు కొత్త కాదు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు పేరు తెచ్చిన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారం వాస్తవ్యులే.

1996 మార్చిలో నాటి ప్రభుత్వం 111వ నంబరు జీవో జారీ చేసింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకూడదని ఆంక్షలు పెట్టింది. శంషాబాద్ వైపు ఒక నూనె కర్మాగారం విషయంలో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నేల కింద నీరు ఎటు కదులుతుందో చెప్పడానికి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞుల నివేదిక అవసరమయింది. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు కర్మాగారానికి అనుమతి నిరాకరించింది.

ఆంక్షల వల్ల తమ భూములకు ధర పలకలేదనీ, ఆడపిల్ల పెళ్ళికి, కొడుకు చదువుకు ఎకరం అమ్ముదామన్నా కొనేవారు లేరనీ ఇక్కడి రైతులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. నగరానికి కృష్ణా, గోదావరి నీరు వస్తుండగా తమకే ఎందుకీ శిక్ష అన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించింది.

అయితే తాగునీరు వేరే చోట నుండి తేవచ్చు, వరదను వేరే చోటికి పంపలేము. ఈ చెరువులు మొదట కట్టింది వరద కోసమే. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు చివర మూసీ నీరు నగరంలోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చొరబడింది. కుంట పూడిస్తే, వాగు కుదిస్తే, శిఖం భూమిలో ఇల్లు కడితే ఆ నీరు ఎక్కడికో పోదు, కింది ఊరి మీదికే పోతుంది.

నేల కింది సంగతి కూడా ఇంతే. ఈ ప్రాంతంలో చాలాచోట్ల అడుగున గట్టి రాయి. పైనున్న మొరంలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుస్తుంది. మొరం పొర ఎండిపోతే బోరు ఎంత లోతు దింపినా దుమ్మే. కుంటలో నీరు నిలిచినంతకాలమే చుట్టుపక్కల బావులు, బోర్లు పలుకుతాయి. ఈ విషయం ప్రతి రైతుకూ అనుభవమే. దాన్ని కొలిచి, పటం గీసి చూపించగల భూగర్భ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. వారి మాట జీవో రాకముందు వినబడాలి గాని, ఊరు మునిగిన తర్వాత కాదు.

విశ్వేశ్వరయ్య 1909లో 788 చెరువులు లెక్కపెట్టారు. వాటిలో ఈనాడు ఎన్ని మిగిలాయో, ఏ ఊరి అలుగు పారుతోందో, ఏ తూము పూడిందో ప్రతి గ్రామం తన లెక్క తాను తీసుకోవలసి ఉంది. రైతు భూమికి న్యాయమైన విలువ దక్కాలి, చెరువుకు దాని చోటు మిగలాలి. ఈ రెండూ ఒకేసారి సాధ్యమయ్యే దారిని లెక్కలతో సహా పాలకుల ముందు పెట్టగల నిపుణులు, వారిని వినగల ప్రజాప్రతినిధులు, ఇద్దరినీ నిలదీయగల గ్రామస్థులు కావాలి. మోక్షగుండం వారికి ఈ ప్రాంతం తీర్చుకోగల ఋణం అదే.